కల్లు తాగే ఆడవాళ్ళ లెక్క

సారా వ్యతిరేక ఉద్యమం మీద వచ్చిన కథలు చదివినప్పుడల్లా నాకు మా అమ్మమ్మ గుర్తొస్తుంది. ఆమెది నల్గొండ జిల్లాలో చెట్టు కల్లు దొరికే పల్లె. పొలం నించి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అరుగు మీద కూర్చుని ముంతెడు కల్లు తాగేది. పోచమ్మకు సాక పోయాలన్నా, చుట్టం వచ్చినా కల్లు ఉండాల్సిందే. దాన్ని ఎవరూ తాగుడు అనేవారు కాదు. ఆ కథల్లో మాత్రం తాగేది మగవాడు, తన్నులు తినేది ఆడది, చివరికి తిరగబడేదీ ఆమే. అది అబద్ధమని నేననను. మా ఊళ్ళోనూ అలాంటి ఇళ్ళు తక్కువేం కాదు. కానీ ఆ కథలో మా అమ్మమ్మకు చోటు లేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన పోరాటం, అక్షరాస్యతా వాచకంలోని ‘ఆడవాళ్ళు ఏకమైతే’ పాఠం, 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని ఎత్తివేత - ఈ వరస మనకు కంఠతా వచ్చు. 1995 నిషేధం కల్లును మినహాయించిందన్న సంగతి మాత్రం మన వ్యాసాల్లో అంతగా కనపడదు.

మా మేనత్తను పాలమూరు ఇచ్చారు. వాన లేక, వలస పోయి మట్టి పని చేసి బతికిన కుటుంబం. అక్కడ దుకాణంలో సీసాలో పోసి అమ్మే కల్లు చాలాచోట్ల చెట్టు దిగింది కాదు. నీళ్ళలో క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, అల్ప్రాజోలం కలిపితే తయారయ్యేది. చివరి రెండూ డాక్టరు చీటీ మీద ఇచ్చే మందులు. రోజంతా తట్టలు మోసిన ఒంటికి అది నిద్ర ఇస్తుంది. ఏళ్ళ తరబడి అలవాటైన వాళ్ళకు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వస్తాయి, లేనివి కనిపిస్తాయి, ప్రాణం మీదికీ రావచ్చు. మెల్లమెల్లగా మోతాదు తగ్గిస్తూ మాన్పించాలి.

2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరుకు ఆగిపోయింది. మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల ఆస్పత్రులు వణికిపోతున్న మనుషులతో నిండాయి. వాళ్ళలో మా అత్త ఒకతి. ఆమె మంచం పక్కన నేనున్నాను. వివరాలు రాసుకోవడానికి వచ్చిన నర్సు, ‘మీ ఆయన తాగుతాడా?’ అని అడిగింది. అత్త అంత వణుకులోనూ నవ్వింది. ‘ఆయన సచ్చి పదేండ్లాయె. తాగేది నేనే’ అంది. నర్సు రాయడం ఆపి నావైపు చూసింది.

కల్తీని అరికట్టడం తప్పంటారా అని అడగొచ్చు. కాదు. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు కదా. కానీ దుకాణానికి తాళం వేసేవాళ్ళు, రేపటినించి ఆ తాగేవాళ్ళ గతేమిటని ఆస్పత్రులకు ముందే కబురు పెట్టాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో మద్యం హానిని తగ్గించడానికి ఐదు పనులు చెప్పింది. అందుబాటు తగ్గించడం, ధర పెంచడంతో పాటు చికిత్స అందించడం కూడా అందులో ఉంది. మన దగ్గర ధర పెరుగుతుంది, అదీ ఖజానా కోసం. 2023లో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలకు లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులొచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు రెండు లక్షలు, తిరిగి ఇవ్వరు. ఒక్క సీసా అమ్మకముందే 2,600 కోట్లు దాటింది!

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్ళు దాటిన స్త్రీలలో 6.7 శాతం మద్యం తాగుతారు. ఆంధ్రప్రదేశ్‌లో అది 0.5 శాతం. మగవాళ్ళ తాగుడుతో పోలిస్తే ఇది చిన్న లెక్కే (ఇక్కడ వాళ్ళు 43 శాతం). అయినా లక్షల మంది ఆడవాళ్ళు. వాళ్ళను చెడిపోయినవాళ్ళనో, మన సంస్కృతికి ప్రతినిధులనో అనేస్తే పని సులువవుతుంది. వాళ్ళ నడుం నొప్పి గురించీ, నిద్ర గురించీ అడగక్కర్లేదు.

అత్త ఇప్పుడు తాగడం లేదు. రాత్రి మూడింటిదాకా మేలుకునే ఉంటుంది. ‘మొగోళ్ళు తాగితె మీటింగులు పెడ్తరు బిడ్డా, మేము తాగితె సిగ్గు లేదా అంటరు’ అంది మొన్న ఫోనులో. నెలకోసారి మందుల కోసం పట్నం బస్సెక్కాలి. ఆ రోజు కూలి పోతుంది.