బిగువూ వదులూ

మా పాత అంబాసిడరు గతుకుల్లో వెనకవైపు టకటకమనసాగింది. చూస్తే, కమాను పట్టీల చివర ఉండే రబ్బరు బుష్‌లు అరిగాయి. ఈ కార్ల తయారీ 2014లోనే ఆగినా, బుష్‌లు హోసూరులో దొరికాయి. ఇంటిముందే బండి లేపి, స్టాండ్లమీద నిలిపి, ఇరుసుకు జాకీ ఆసరా ఇచ్చి పాతవి తీశాను. నూనె తగిలితే రబ్బరు ఉబ్బుతుంది గనుక, సబ్బునీళ్ళు రాసి కొత్తవి తొడిగాను. నట్లు అప్పుడే పూర్తిగా బిగించకూడదు. చక్రాలు నేలకాని, బండి బరువు కమానుమీద పడ్డాకే బిగించాలి. లేకపోతే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది.

స్పానర్లు అందిస్తూ, తమిళ బడిలో చదివే మావాడు ‘ఇరుసు’, ‘బిగువు’, ‘వదులు’ అన్న మాటలు పట్టుకున్నాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా, ఇన్నాళ్ళూ వీటితో పని పడలేదు. మాటమీదా పని బరువు పడితేనే అది కుదురుకుంటుంది.