కిలో బరువు, రాత్రికి 455 రూపాయలు

“ఆ పెద్దది అమ్మేసి చిన్నది తీసుకోండి బావగారూ. ఇంట్లోనూ అదే, ప్రయాణంలోనూ అదే. ఒక్క మిషన్‌తో గొడవ వదిలిపోతుంది.”

మా బావమరిది ఇచ్చిన సలహా ఇది. ఫోన్లో ఇచ్చి ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణి. వాళ్ళమ్మాయి ఓణీల ఫంక్షన్లో, భోజనాల దగ్గర, అటు వాళ్ళ ఆఫీసువాళ్ళు ఇటు మా చుట్టాలు కూర్చుని ఉండగా ఇచ్చాడు. నేను “చూద్దాంలే” అన్నాను. దాంతో ఊరుకోవచ్చు కదా! “బావగారు బ్యాంకు మనిషి కదండీ, జనం డబ్బు లెక్కపెట్టీ పెట్టీ సొంత డబ్బు తియ్యడం మర్చిపోయారు” అన్నాడు. బంతి మొత్తం నవ్వింది. మా ఆవిడ కూడా నవ్వింది, అది వేరే సంగతి. బతుకు కోరేవాడు బావమరిది అంటారు గానీ, మన పాస్‌బుక్కు గురించి నలుగురిలో మాట్లాడమని ఎవరూ అనలేదు.

ఆ రాత్రే కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను.

నాకు స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు. ఏహెచ్ఐ, అంటే గంటకు ఊపిరి ఆగడమో తగ్గడమో ఎన్నిసార్లన్న లెక్క, ముప్పై దాటింది. మాస్కుతో గాలి పంపే సీపాప్ మిషన్, ఎయిర్‌సెన్స్ 10, నాలుగేళ్ళుగా నా తలగడ పక్కనే ఉంటోంది. మిషన్ ఒక్కటే కిలోంపావు. గొట్టం, మాస్కు, ఇటుకంత అడాప్టరు, వీటన్నిటికీ ఒక సంచీ కలిపితే మూడు కిలోల దాకా తూగుతుంది. విమానంలో చేతి సంచీకి ఏడు కిలోలు. సెక్యూరిటీ దగ్గర ఆ సంచీ విప్పి ట్రేలో పెడుతుంటే వెనకనున్న కుర్రాడు బాంబును చూసినట్టు చూస్తాడు. ఇక బావమరిది చెప్పిన చిన్నది, ఎయిర్‌మినీ అంటారా, 300 గ్రాములు. అరచేతిలో పడుతుంది. షాపులో దాన్ని చేతికిచ్చినప్పుడు ఆశ పుట్టలేదంటే అబద్ధం.

మొదట చెప్పిన ధర 76,800. అది 2025 ఆగస్టు. “పండగ ఆఫర్ పోతుంది, ఇప్పుడే కొట్టేయండి” అని బావమరిది రోజు విడిచి రోజు మెసేజీ పెట్టాడు. నేను ఆగాను. సెప్టెంబరు 22 నుంచి వీటి మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. 76,800లో అసలు ధర 68,571. దాని మీద 5 శాతం వేస్తే సరిగ్గా 72,000. ఏ పనీ చెయ్యకుండా 4,800 మిగిలింది. ఆఫర్ అన్నది ఏ పండక్కైనా వస్తుంది. నో కాస్ట్ ఈఎంఐ కూడా ఉందన్నారు. అది తీసుకుంటే రొక్కానికి ఇచ్చే 5 శాతం తగ్గింపు పోతుంది. అంటే 3,600. పైన ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ. నో కాస్ట్ ఎవరికో నాకు ముప్పై ఏళ్ళ సర్వీసులో అర్థం కాలేదు.

ఇప్పుడు బావమరిది సలహా ప్రకారమే వెళ్దాం. మిషన్ 72,000. దీనికి మన పాత మాస్కు అలాగే తగలదు. దానికి సరిపడే మాస్కు, కనెక్టరు కావాలి, మరో 9,000. మొత్తం 81,000. పాత మిషన్‌కు సెకండ్‌హ్యాండ్‌లో 15,000 ఇస్తామన్నారు. అది పోగా 66,000. ఇక్కడిదాకా ఆయన లెక్కా నా లెక్కా ఒకటే. ఆయన ఇక్కడ ఆగిపోయాడు.

చిన్నదానికి నీళ్ళ డబ్బా ఉండదు. గాలికి తేమ పట్టడానికి హ్యుమిడ్‌ఎక్స్ అని చిన్న బిళ్ళ వేస్తారు. మనం వదిలే ఊపిరిలోని తడినే పట్టి మళ్ళీ మనకిస్తుంది. తెలివైన ఏర్పాటే. కానీ తెరిచిన ముప్పై రోజులకు మార్చాలి. నాకు చెప్పిన ధర ఒక్కోటి 700. రోజూ వాడితే ఏడాదికి పన్నెండు, అంటే 8,400. అయిదేళ్ళకు 42,000. మొత్తం 1,08,000 అయింది.

ఇక అసలు సంగతి. చిన్నదాంట్లో బ్యాటరీ లేదు. పోర్టబుల్ అన్న మాట వినగానే మా బావమరిది లోపల బ్యాటరీ ఉంటుందనుకున్నాడు, ఛార్జింగ్ పెట్టుకుని తీసుకెళ్ళడమే అనుకున్నాడు. దానికీ ప్లగ్గు కావాలి, పెద్దదానికీ ప్లగ్గు కావాలి. ప్లగ్గు దొరికే చోట రెండూ నడుస్తాయి, దొరకని చోట రెండూ సంచీలోనే ఉంటాయి. మరి నేను మిషన్ లేకుండా పడుకునేది ఎక్కడ? రైల్లో.

ఏసీ బోగీలో బెర్తు పక్కన 110 వోల్టుల ప్లగ్గుంటుంది. మిషన్ అడాప్టరు 100 నుంచి 240 దాకా తీసుకుంటుంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు. ఇబ్బంది టైములో ఉంది. 2013 డిసెంబరు 28 తెల్లవారుజామున అప్పటి అనంతపురం జిల్లా కొత్తచెరువు దగ్గర బెంగళూరు–నాందేడ్ ఎక్స్‌ప్రెస్ ఏసీ బోగీ తగలబడి 26 మంది పోయారు. రాత్రి 11 నుంచి పొద్దున 5 దాకా ఛార్జింగ్ ప్లగ్గులకు కరెంటు ఆపాలన్న సూచన ఆ తర్వాత వచ్చిందే. 2021 మార్చిలో రైల్వే దాన్ని మళ్ళీ గట్టిగా అమల్లో పెట్టింది. కారణం న్యాయమైనదే, కాదనలేం. కానీ నాకు కరెంటు కావలసింది ఆ ఆరు గంటలే. ఏ రైల్లో ఆపుతారో ఏ రైల్లో ఆపరో ఎక్కితే గానీ తెలియదు. కరెంటు ఆగిన మరుక్షణం మాస్కులో గాలి ఆగుతుంది, ఉలిక్కిపడి లేచి మాస్కు పీకేసుకుంటాం, మళ్ళీ గురక మొదలు. పొద్దున్నే పై బెర్తాయన మనతో మాట్లాడడు.

కాబట్టి బ్యాటరీ ఎలాగూ కొనాలి. విమానంలో అడక్కుండా తీసుకెళ్ళగలిగేది 100 వాట్-అవర్ల లోపు. 100 నుంచి 160 దాకా విమానం కంపెనీ అనుమతి ఉండాలి. అదీ చేతి సంచీలోనే, లగేజీలో వెయ్యకూడదు. నేను అడిగిన 95 వాట్-అవర్ల బ్యాటరీ, కేబుల్‌తో కలిపి 24,000. దాన్నీ వేస్తే బావమరిది గారి ‘ఒక్క మిషన్’ అయిదేళ్ళకు 1,32,000.

నా పెద్దదాన్నే ఉంచుకుంటే? డిస్టిల్డ్ వాటర్‌కు నెలకు 250, అయిదేళ్ళకు 15,000. అదే బ్యాటరీ 24,000. మొత్తం 39,000. తేడా 93,000. ఈ లెక్కకు ఒక బొక్క ఉందని నాకూ తెలుసు. నా మిషన్‌కు నాలుగేళ్ళు, రేపు మోటారు చచ్చిపోతే ఏమిటి? సరే, చచ్చిపోయిందనే అనుకుందాం. కొత్తది 62,000 వేసుకుంటే 1,01,000. అప్పటికీ 31,000 నాకే మిగులుతుంది.

పెద్ద మిషన్‌ను అంత చిన్న బ్యాటరీ మొయ్యగలదా అని అనుమానం రావాలి. నాకూ వచ్చింది. ప్లగ్గుకి వాట్లు చూపించే మీటరు తగిలించి చూశాను. నీళ్ళ డబ్బా, వేడి గొట్టం నడుస్తుంటే ముప్పై వాట్లదాకా లాగుతోంది. అవి రెండూ ఆపేస్తే ఏడెనిమిది వాట్లే. కరెంటు తినేది గాలి కాదు, వేణ్ణీళ్ళు! ఎనిమిది వాట్లు, ఎనిమిది గంటలు అంటే 64 వాట్-అవర్లు. బ్యాటరీలో దారిలో పోయేది పోగా 80 చేతికొస్తుందనుకున్నా ఒక రాత్రికి నిక్షేపం, రెండో రాత్రికి చాలదు. మన రాత్రి రైళ్ళకు ఒక రాత్రే కావాలి. నీళ్ళ డబ్బా తీసేసి దాని చోట బిగించే పక్క మూత దొరుకుతుంది. పొద్దున లేచేసరికి గొంతు కాస్త ఎండుతుంది, ఒక గ్లాసు నీళ్ళు తాగితే సరి. ఇంట్లో నీళ్ళతో వాడినా, కదిలించే ముందు డబ్బా ఖాళీ చెయ్యడం మాత్రం మర్చిపోవద్దు. నిండు డబ్బాతో ఎత్తి వంచితే నీళ్ళు మోటార్లోకి పోతాయి.

మరి రెండూ ఉంచుకుంటే? ఇంట్లో పెద్దది, ప్రయాణానికి చిన్నది. నిజానికి నా మనసు లాగింది దీనివైపే. 81,000 పెట్టాలి, బిళ్ళలకు ఏడాదికి ఓ రెండు వేలు, అంటే అయిదేళ్ళకు 91,000. దీన్ని ఎన్ని రాత్రులతో భాగించాలి?

ఏడాదికి వంద రాత్రులు అని రాశాను. మా ఆవిడ వెనక నుంచి చూసి, “ఏమండీ, ఇన్ని ఊళ్ళు ఎవరు తిప్పుతున్నారు మనల్ని?” అంది. కాశీ రాశాను, కేదార్‌నాథ్ రాశాను, కార్తీకమాసంలో పంచారామాలు రాశాను, బెంగళూరులో మనవరాలి దగ్గర ప్రతి నెలా వారం అని రాశాను. మనవరాలి దగ్గర ఉండే రోజులకు పెద్ద మిషనే తీసుకెళ్తాం కదా, అక్కడ బరువెందుకు లెక్క అంది. కేదార్‌నాథ్ మాట డాక్టరుగారితో అన్నారా అంది. గీతలు పడుతూ పోగా నలభై మిగిలాయి.

గ్రామీణ శాఖలో ఉండగా గేదెల లోన్లు రాసేవాణ్ణి. పాలెన్నిస్తుందంటే పది లీటర్లనేవారు, ఏడాది పొడుగునా. వట్టిపోయే నెలలుంటాయి కదా అంటే, మా గేదె అలాంటిది కాదండీ అనేవారు. నేను ఎర్ర ఇంకుతో కొట్టేసి ఆరు లీటర్లు, ఏడాదిలో పది నెలలు కూడా కాదని వేసేవాణ్ణి. వాళ్ళ మీద నవ్వుకునేవాణ్ణి కూడా. నా వంద రాత్రుల కాగితం చూసుకుంటే అదీ వట్టిపోని గేదె బాపతే. మనిషి రిటైరయ్యాక తిరగబోయే ఊళ్ళు ఎప్పుడూ తిరిగే ఊళ్ళకంటే ఎక్కువే ఉంటాయి, ఆ ఊళ్ళ పేరు మీదే సూట్‌కేసులు, బూట్లు, కెమెరాలు అమ్ముడవుతుంటాయి. అందులో తప్పు లేదు. ఖర్చు లెక్క రాసేటప్పుడు మాత్రం ఎర్ర ఇంకు వేరేవాళ్ళ చేతిలో ఉండాలి.

ఏడాదికి నలభై, అయిదేళ్ళకు 200 రాత్రులు. 91,000ని 200తో భాగిస్తే రాత్రికి 455. దీనికి నాకు దక్కేదల్లా సంచీలో కిలోకు కాస్త తక్కువ బరువు దిగడం. ఆ డబ్బుకి రాజమండ్రి స్టేషన్లో కూలీని పెట్టుకుంటే మిషన్‌తోపాటు నన్ను కూడా మోసుకెళ్తాడు. అదే 81,000 సీనియర్ సిటిజన్ల రేటు 7 శాతానికి ఎఫ్‌డీ వేస్తే అయిదేళ్ళకు లక్షా పధ్నాలుగు వేలు దాటుతుంది.

అదే ఆడిట్ ఉద్యోగం చేసేవాడో, నెలకు రెండువారాలు టూర్లో ఉండే సేల్స్ మనిషో అయితే లెక్క తిరగబడుతుంది. ఏడాదికి 150 రాత్రులంటే అయిదేళ్ళకు 750. బిళ్ళలకు 28,000 వేసుకున్నా మొత్తం 1,09,000, రాత్రికి 145. హోటల్లో టిఫిన్ ఖర్చు. వాళ్ళు నిస్సందేహంగా కొనుక్కోవాలి, రెండూ ఉంచుకోవాలి.

మిగతా దారుల గురించి రెండు ముక్కలు. నెలల తరబడి ప్రయాణమైతే తప్ప అద్దె మిషన్ గిట్టుబాటు కాదు. సెకండ్‌హ్యాండ్ నాకు నచ్చదు. 2021 జూన్‌లో లోపలి ఫోమ్ కారణంగా ఫిలిప్స్ వెనక్కి పిలిచిన పాత మోడళ్ళ సంగతి తెలిస్తే మీకూ నచ్చదు. ముక్కులో పెట్టుకునే ‘మైక్రో సీపాప్’ పేరుతో ఆన్‌లైన్లో వందల రూపాయలకు అమ్మేవి వట్టి ప్లాస్టిక్కు. దవడను ముందుకు జరిపేలా పళ్ళకు తొడిగే సాధనం, బరువు తగ్గడం డాక్టరుతో మాట్లాడాల్సిన విషయాలు. ఇంట్లో వాడే మిషన్‌కు మామూలు మెడిక్లెయిమ్ పైసా ఇవ్వదు, సీజీహెచ్ఎస్ కార్డున్నవాళ్ళకు పరిమితి మేరకు తిరిగొస్తుంది. “రెండు రాత్రులు లేకపోతే ఏమవుతుంది” అన్నది మాత్రం దారి కాదు. మాస్కు తీసిన మొదటి రాత్రే జబ్బు తిరిగొస్తుంది.

బ్యాటరీ కొన్నాను. దాంతోపాటు మూడున్నర వందలు పెట్టి మూడు మీటర్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా కొన్నాను. నిజం చెప్పాలంటే 24,000 కంటే ఎక్కువ అక్కరకొచ్చింది ఇదే. అన్నవరం కొండ మీద గదిలో ఉన్న ఒక్క ప్లగ్గూ తలుపు పక్కన, నిలువెత్తున ఉంటుంది. మంచం ఎదుటి గోడకు ఉంటుంది.

మొన్న సంక్రాంతికి బావమరిది మా ఇంటికొచ్చాడు. భోజనాలయ్యాక కాగితం ముందు పెట్టాను. నిమ్మళంగా చదివాడు. “బ్యాటరీ ఉండదా? మరి పోర్టబుల్ అంటారేమిటి బావగారూ?” అన్నాడు. నేనేమీ అనలేదు. ఆ కాగితం మీద నలుగురైదుగురి కళ్ళు పడేలా టీపాయ్ మీద వదిలేశాను. అంతమాత్రం ఉండదా మరి.

మీరు కూడా ఈ ఆలోచనలో ఉంటే షాపుకి వెళ్ళే ముందు ఐఆర్‌సీటీసీ, విమానం టిక్కెట్ల పాత బుకింగులు తీసి, కిందటి ఏడాది మీరు ఇంటి బయట పడుకున్న రాత్రులు లెక్కపెట్టండి. రాబోయే ఏడాదివి వద్దు, కిందటి ఏడాదివే. వంద దాటితే చిన్న మిషన్ కొనండి. దాటకపోతే ఉన్నదానికి బ్యాటరీ, పక్క మూత చాలు. షాపులో మూడు అడగండి: నా మాస్కు దీనికి తగులుతుందా, లోపల బ్యాటరీ ఉందా, తేమ బిళ్ళ ఒక్కోటి ఎంత.