షెఫీల్డ్ యాస నుంచి చందమామ హోటల్ దాకా

మాంచెస్టర్ నుంచి షెఫీల్డ్‌కి రైల్లో గంట ప్రయాణం. దారి పొడవునా పీక్ డిస్ట్రిక్ట్ పచ్చకొండలు. ఇయర్‌ఫోన్స్‌లో ఆర్కిటిక్ మంకీస్ పాటలు, మొదటి ఆల్బమ్ నుంచి వరసగా. ఆ బ్యాండ్ సొంతూరు షెఫీల్డే మరి!

ఇది స్టీలు ఊరు. 1913లో హ్యారీ బ్రేర్లీ స్టెయిన్‌లెస్ స్టీల్ తయారుచేసింది ఇక్కడే. ఎటు నడిచినా ఎత్తుపల్లాలే, కాళ్లు లాగేస్తాయి. ట్రిపెట్ లేన్‌లో 'ది గ్రేప్స్' అని ఓ మామూలు పబ్ ఉంది. హై గ్రీన్ శివారు కుర్రాళ్లు 2003లో జనం ముందు మొదటిసారి వాయించింది అక్కడే.

2006లో వాళ్ల తొలి ఆల్బమ్ వచ్చింది. మొదటి వారంలోనే బ్రిటన్‌లో 3.6 లక్షలకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి. పరుగులు తీసే గిటార్లు, క్లబ్బుల ముందు క్యూలు, అర్ధరాత్రి టాక్సీలు... అన్నీ షెఫీల్డ్ రాత్రులే. గాయకుడు అలెక్స్ టర్నర్ తన యాసను దాచుకోకుండా పాడాడు.

తర్వాత ఊరు మారింది, సౌండూ మారింది. 2009 నాటి 'హంబగ్' కోసం కాలిఫోర్నియా ఎడారికి వెళ్లారు. పాటల్లో వేగం తగ్గి, బరువు పెరిగింది. 2013 'ఏఎం'లో హిప్‌హాప్ తరహా బీట్లు వచ్చాయి. 2018 ఆల్బమ్‌లోనైతే గిటార్ పక్కకు జరిగి పియానో ముందుకొచ్చింది. కథ చందమామ మీద ఓ హోటల్లో! 2022 'ది కార్'లో వయొలిన్ల హోరు.

'పాత సౌండే బాగుండేది' అని అలిగిన ఫ్యాన్స్ చాలామంది. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. ఆఫీసు కాల్స్‌లో ఒక ఇంగ్లిష్, ఇంటికి ఫోన్ చేస్తే ఇంకో తెలుగు మాట్లాడేవాణ్ని నేను. 'నీ మాట మారిపోయిందిరా' అని అమ్మ అన్నప్పుడు ఎక్కడో గుచ్చుకుంటుంది.

కానీ ఆ వీధుల్లో తిరుగుతుంటే ఒకటి అనిపించింది. ఊరు విడిచి, ముప్పై ఏళ్లు దాటిన మనిషి ఇంకా షెఫీల్డ్ టాక్సీ క్యూ గురించే పాడితే, అది నటనే కదా? ఇరవై ఏళ్లప్పుడు చుట్టూ కనిపించింది పాడాడు. తర్వాత కూడా తనకు తోచిందే పాడుతున్నాడు. ఆ నిజాయితీ మాత్రం మారలేదు.

2023 జూన్‌లో వాళ్లు సొంతూరికొచ్చి హిల్స్‌బరో పార్క్‌లో రెండు రోజులు వాయించారు. కొత్త పాటల పక్కనే 2006 నాటివీ పాడారు.

మీరూ వింటే షఫుల్ ఆపేసి, ఆల్బమ్‌ల వరసలోనే వినండి. ఓ కుర్రాడు ఊరు దాటి పెద్దవాడవడం వినిపిస్తుంది.