బాలింతకు రిలీవర్ ఎవరు?



ఆరు వారాలుగా మేము ఇక్కడ ఏమీ రాయలేదు. ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి ఒళ్లు బాగుందా అని అడిగినారు. బాగున్నాము. మాకు మనవరాలు పుట్టింది. అమ్మాయి మొదటి కాన్పుకు పుట్టింటికి, మన రాబర్ట్‌సన్‌పేటకే వచ్చింది. బిడ్డ పుట్టినప్పుడు రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు. తల్లీ బిడ్డా క్షేమం.

ఈ మాట రాసి నాలుగు ఫోటోలు పెట్టి ఊరుకోవచ్చు. కానీ మన సంఘంలో ఈ ఏడాది ఇంకా కొన్ని ఇళ్లలో కాన్పులు ఉన్నాయి. అందుకని ఈ ఆరు వారాలు మా ఇల్లు ఎట్లా నడిచిందో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాము. మాది తమిళ మీడియం చదువు. తెలుగు ఇంట్లో వినింది, అక్షరాలు పెద్దయినాక దిద్దుకున్నవి. భాష మన ఇళ్లలో మాట్లాడుకునేదే.

బిడ్డ ఇంటికి వచ్చిన రోజు నుంచి అందరి కళ్లూ బిడ్డ మీదే. ముక్కు ఎవరిది, రంగు ఎవరిది, దిష్టి తీసినారా లేదా. తల్లిని చూసేవాళ్లు తక్కువ. ఆసుపత్రిలో నర్సమ్మ చెప్పి పంపింది: మొదటి వారాల్లో బిడ్డకు రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు పట్టాలి, రాత్రి పగలు అని చూడకూడదు. రైల్వేలో గుమాస్తా పని చేసిన చేయి ఊరికే ఉండదు కదా, కాగితం తీసి లెక్క వేసినాము. పది సార్లు అనుకుందాం. ఒక్కోసారి పాలు తాగడం, భుజాన వేసుకుని తేన్పు తీయడం, గుడ్డ మార్చడం, నిద్రపుచ్చడం అన్నీ కలిపి ముక్కాలు గంట. మొత్తం ఏడున్నర గంటలు. అది కూడా ఒక్క బిగిన కాదు, ఇరవై నాలుగు గంటల్లో పది ముక్కలుగా. ఒక ముక్కకూ ఇంకో ముక్కకూ నడుమ గంటన్నర, మించితే రెండు గంటలు. ఆ సందులోనే తల్లి తినాలి, స్నానం చేయాలి, నిద్రపోవాలి.

రైల్వేలో పని గంటల నియమాలు ఉన్నాయి. ఉద్యోగాలను తరగతులుగా పెడతారు. మనసు ఎక్కడా పక్కకు పోకుండా, మధ్యలో విశ్రాంతి లేకుండా చేసే పని ఇంటెన్సివ్. మామూలు పని కంటిన్యూయస్. నడుమ నడుమ ఖాళీ దొరికేది ఎసెన్షియల్లీ ఇంటర్మిటెంట్. ఇంటెన్సివ్ వాళ్లకే డ్యూటీ గంటలు అన్నిటికంటే తక్కువ. ఆ లెక్కన బాలింతది ఇంటెన్సివ్ డ్యూటీ. మన ఇళ్లలో మాత్రం అందరికంటే ఎక్కువ గంటలు ఆమెకే వేస్తాము. రిలీవర్ కూడా ఉండడు.

మా ఇంట్లో జరిగింది చెప్తాము. తొమ్మిదో రోజు అమ్మాయి ఏడవడం మొదలుపెట్టింది. నొప్పి లేదు, జ్వరం లేదు. అన్నం ముందర పెడితే చూస్తా కూర్చుంటుంది. బిడ్డ నిద్రపోయినా తను నిద్రపోదు. "ఊపిరి ఆడతా ఉందా లేదా అని చూస్తా ఉండానమ్మా, కళ్లు మూస్తే భయంగా ఉంది" అని వాళ్లమ్మతో అనింది. చూడవచ్చిన బంధువులలో ఒకరు దిష్టి అన్నారు. ఇంకొకరు "బాలింత ఏడవకూడదు, పాలు ఇంకిపోతాయి" అన్నారు. ఆ మాట విన్నాక అమ్మాయికి కొత్త దిగులు పట్టుకుంది, పాలు చాలడం లేదేమో అని. పదో రోజుకు డబ్బా పాలు తెద్దామనే మాట కూడా వచ్చింది.

అక్కడ మా గుమాస్తా బుద్ధి కొంచెం పనికొచ్చింది. బిడ్డ ఇంటికి వచ్చిన రోజు నుంచి ఒక నోటుబుక్కు పెట్టినాము. ఎన్ని గంటలకు పాలు తాగింది, ఎన్ని గుడ్డలు తడిసినాయి, ఎన్నిసార్లు దొడ్డికి పోయింది, అంతే. అయిదో రోజు దాటినాక రోజుకు ఆరు గుడ్డలకు తక్కువ కాకుండా తడిస్తే పాలు చాలుతున్నట్టే అని నర్సమ్మ చెప్పింది. పుస్తకంలో చూస్తే ఏడు, ఎనిమిది ఉన్నాయి. అమ్మాయికి చూపించినాము. పుట్టిన బిడ్డ మొదటి రోజుల్లో కొంచెం బరువు తగ్గడం మామూలే, పది పద్నాలుగు రోజుల్లో మళ్లీ ఎక్కుతుంది. పద్నాలుగో రోజు తూకం వేస్తే మూడు కిలోలు దాటింది. డబ్బా మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆ రోజే ఆశా కార్యకర్త వచ్చింది. చాలామందికి తెలియదు, ఆసుపత్రిలో కాన్పు అయిన బిడ్డను చూడటానికి ఆమె ఆరు సార్లు ఇంటికి రావాలి: 3, 7, 14, 21, 28, 42 రోజులకు. ఆమె బిడ్డను తూచి, బొడ్డు చూసి, తర్వాత అమ్మాయి పక్కన కూర్చుని "నువ్వు ఎట్లుండావమ్మా?" అని అడిగింది. అన్ని రోజుల్లో మా ఇంటికి వచ్చినవాళ్లలో ముందుగా ఆ మాట అడిగింది ఆమే. అమ్మాయి చాలాసేపు మాట్లాడింది. ఆమె పోతా పోతా మాకు చెప్పింది: కాన్పు అయిన మొదటి పది పదిహేను రోజులు ఊరికే ఏడుపు రావడం చాలామంది తల్లులకు ఉండేదే. కానీ రెండు వారాలు దాటినా తగ్గకపోతే, నిద్రపోయే సందు దొరికినా నిద్ర రాకపోతే, భయం వదలకపోతే అది దిష్టీ కాదు, అలుసూ కాదు, డాక్టరుకు చెప్పాల్సిన విషయం.

మరునాడే పోయినాము. డాక్టరమ్మ అమ్మాయితో ఒంటరిగా అరగంట మాట్లాడి, మమ్మల్ని లోపలికి పిలిచి చెప్పిన మొదటి మందు నిద్ర. రాత్రి ఒక్క బిగిన నాలుగైదు గంటలు ఆమె నిద్రపోవాలి, దానికి ఇంట్లో ఏం చేస్తారో మీరే చూసుకోండి, వారం తర్వాత మళ్లీ తీసుకురండి అనింది. 14416 అనే టెలీ మానస్ నంబరు కూడా రాసి ఇచ్చింది. కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టింది. మనసు బాగలేనప్పుడు ఏ వేళలో అయినా చేయవచ్చు, డబ్బు కట్టనక్కర లేదు, మన భాషలోనే మాట్లాడవచ్చు.

ఇంక మిగిలింది రోస్టర్. దానికి మనుషులు కావాలి. మా ఇంట్లో ఉండేది మేమిద్దరం ముసలివాళ్లమే. అల్లుడు బెంగళూరులో ప్రైవేటు కంపెనీ. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే బిడ్డ పుట్టినప్పుడు తండ్రికి 15 రోజుల సెలవు ఉంది. ప్రైవేటు కంపెనీల్లో తల్లికి 2017 నుంచి చట్టం ప్రకారం 26 వారాలు వస్తుంది. తండ్రికి మాత్రం అట్లాంటి చట్టం లేదు, కంపెనీ ఇచ్చిందే సెలవు. అల్లుడికి అయిదు రోజులు ఇచ్చినారు. అవి ఆసుపత్రిలోనే అయిపోయినాయి.

అల్లుణ్ణి మేమే అడిగినాము, కొన్నాళ్లు ఇక్కడే ఉండి ఇక్కడినుంచే పనికి పోయి రాగలవా అని. మారికుప్పం నుంచి తెల్లవారే బయలుదేరే బండిలో మన పిల్లలు ఎంతమంది రోజూ బెంగళూరు పోయి వస్తున్నారో మీకు తెలుసు. "సరే మామా, రాత్రి డ్యూటీ నాకు వెయ్యండి, బండిలో నిద్రపోతాను" అన్నాడు. బంధువులు నొసలు చిట్లించినారు. బాలింత గదిలో మగవాడికేం పని, అల్లుడు అత్తగారింట్లో నెల రోజులు ఉంటే మర్యాదేనా అని. మా ఇంటామె ఒక్కటే చెప్పింది: "మర్యాద తర్వాత చూసుకుందాం, ముందు నా కూతురు నిద్రపోనీ."

ఇప్పుడు రోస్టర్ చెప్తాము. రాత్రి తొమ్మిదికి పాలిచ్చి అమ్మాయి లోపలి గదిలో పడుకుంటుంది. తొమ్మిది నుంచి ఒంటిగంట వరకు బిడ్డ అల్లుడి దగ్గర. నడుమ ఒకసారి బిడ్డ లేస్తే, తల్లి ముందే పిండి పెట్టిన పాలు ఉగ్గుగిన్నెతో పడతాడు. ఉగ్గుగిన్నె అంటే తమిళంలో పాలాడై, మన అవ్వల కాలం నాటిదే. దాన్ని ప్రతిసారీ నీళ్లలో మరగబెట్టాలి. పిండిన పాలు చల్లని గదిలో నాలుగు గంటల లోపల వాడేయాలి. ఇది నర్సమ్మ నేర్పింది. ఒంటిగంట నుంచి నాలుగు వరకు అమ్మాయి పాలిస్తుంది, తేన్పు, గుడ్డలు వాళ్లమ్మవి. నాలుగు నుంచి ఎనిమిది వరకు మేము. పాలకు మాత్రం తల్లి దగ్గరికి తీసుకుపోయి, తాగినాక మళ్లీ ఎత్తుకొచ్చేస్తాము. ఎన్నో ఏళ్లు తెల్లవారుజామున డ్యూటీ ఎక్కిన ఒళ్లు, మాకు అది కష్టం అనిపించలేదు. పగలు పది నుంచి పన్నెండు వరకు మా ఇంటామె తప్పకుండా పడుకోవాలి. అమ్మమ్మ మంచం పడితే రోస్టర్ అంతా కూలిపోతుంది. చార్జి ఇచ్చేవాళ్లు పుస్తకంలో రాసి ఇవ్వాలి, తీసుకునేవాళ్లు చదివి తీసుకోవాలి. రిలీవర్ రాకుండా ఎవరూ డ్యూటీ దిగకూడదు.

వారం తిరిగేసరికి అమ్మాయి అన్నం అడిగి పెట్టించుకుంది. అంతా ఒక్కసారిగా బాగయింది అని చెప్పము. ఏడుపు వచ్చే రోజులు ఇంకా కొన్ని ఉన్నాయి, డాక్టరమ్మ దగ్గరికి పోతానే ఉన్నాము. కానీ బిడ్డకు స్నానం నేనే చేయిస్తాను అంటోంది. ముందర బిడ్డను నీళ్ల దగ్గరికి తీసుకుపోవాలంటేనే వణికేది.

పాత పద్ధతుల మాట కూడా చెప్పాలి. మా ఇంటామె అన్నిటినీ జల్లెడ పట్టింది. వెల్లుల్లి, మెంతులు, రాగి ముద్ద, తల్లికి నూనె రాసి వేడినీళ్లు పోయడం, ఇవన్నీ ఉంచింది. నీళ్లు తక్కువ తాగాలి, ఆకుకూర తినకూడదు అనే పథ్యం తీసేసింది. పాలిచ్చే తల్లికి నీళ్లూ కావాలి, కూరా కావాలి. బిడ్డ నాలుకకు వస కొమ్ము, తేనె, చక్కెర నీళ్లు ఏవీ లేవు, ఆరు నెలలు తల్లి పాలే. బొడ్డుకు ఏమీ రాయలేదు, దానంతట అదే ఎండి రాలిపోయింది. సాంబ్రాణి పొగ వద్దు అనింది. దుమ్ము సంగతి కేజీఎఫ్ వాళ్లకు చెప్పనక్కర లేదు. గాలి లేచి సైనైడ్ దిబ్బల మీదినుంచి వీస్తే ఆ వైపు కిటికీ మూసి, తడిగుడ్డతో గది తుడుస్తాము. ఒళ్లు కాలితే ఇంటి వైద్యం చేస్తా కూర్చోకూడదు. ఇంత చిన్న బిడ్డకు 100.4 డిగ్రీలు ఉంటే ఆ పూటే ఆసుపత్రికి పోవాలి.

కొందరు పెద్దలు అడిగినారు, మన అమ్మలు ఇవేవీ లేకుండా ఆరేడుగురిని పెంచలేదా అని. పెంచినారు. ఎట్లా పెంచినారో మాకు గుర్తుంది. మా నాయన చాంపియన్ రీఫ్‌లో అండర్‌గ్రౌండ్ పని. మూడు షిఫ్టులు, సైరన్ కూస్తే దిగడం, సైరన్ కూస్తే ఎక్కడం. మగవాళ్లు బిడ్డను ఎత్తుకునింది తక్కువే. కానీ లైన్ ఇంట్లో ఒక్క గోడ అవతల ఇంకో కుటుంబం. మా తమ్ముడు పుట్టినప్పుడు పక్కింటి తమిళ అమ్మ మిరియాల రసం తెచ్చేది, ఎదురింటి కన్నడ అవ్వ బిడ్డకు నీళ్లు పోసేది, ఇంకొకామె గుడ్డలు ఉతికేది. నైట్ షిఫ్టు చేసి వచ్చిన మనిషి పగలు నిద్రపోవాలని పిల్లలందర్నీ ఎవరో ఒకరు తమ వసారాలో కూర్చోబెట్టుకునేవాళ్లు. తెలుగులో బాలింత, కన్నడంలో బాణంతి, మాట వేరే అయినా లైన్ అంతటికీ ఆమె ఒక్కతే బాలింత. మా అమ్మకు రిలీవర్లు పదిమంది ఉండినారు. రోస్టర్ ఎవరూ రాయలేదు, అంతే.

2001 ఫిబ్రవరి 28న గనులు మూసేసినారు. సైరన్ పోయింది. పిల్లలు బండెక్కి బెంగళూరు పోయినారు. ఇప్పుడు పగలు మన వీధుల్లో సగం ఇళ్లకు తాళాలు, మిగతా వాటిలో మాలాంటి ముసలివాళ్లు. లైన్ చేసిన పని ఇప్పుడు ఇంట్లోవాళ్లే చేయాలి. అంటే తండ్రి చేయాలి, తాత చేయాలి. మగవాళ్లు అనే మాటతో తప్పించుకోవడానికి వీల్లేదు, మిగిలిందే మేము.

అందుకని సంఘం వాళ్లకు ఒక మనవి. బిడ్డను చూడటానికి పోయేటప్పుడు స్వీటు డబ్బా బదులు ఒక పూటకు అన్నం, కూర వండి తీసుకుపోండి. చేతులు కడుక్కోండి, జలుబు ఉంటే పోనే పోకండి. అరగంటకు మించి కూర్చోకండి. కూర్చునే పనైతే రెండు గంటలు బిడ్డను పట్టుకుని తల్లిని పడుకోనివ్వండి. పోయీ పోగానే పాలు వస్తున్నాయా అని అడగకండి. నువ్వు ఎట్లుండావమ్మా అని అడగండి, అడిగి జవాబు పూర్తిగా వినండి.

మన సంఘంలో రిటైరయినవాళ్లం చాలామందిమి ఉన్నాము. పగలు మనకు ఖాళీనే. కాన్పు ఉన్న ఇంటివాళ్లు అడగడానికి మొహమాటపడతారు కాబట్టి మనమే అడుగుదాం. వారానికి రెండు పగళ్లు, రెండేసి గంటలు మేమిద్దరం వస్తాము. మీరు ఎవరెవరు వస్తారో, ఏ రోజు వీలవుతుందో కింద రాయండి. ఈసారి రోస్టర్ మేమే రాసి పెడతాము.