అరకులో చెల్లని కానుక

శృంగవరపుకోట, బొడ్డవర దాటాక కిరండూల్ పాసింజరు కొండెక్కడం మొదలుపెట్టింది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో జపాన్ సాయంతో వేసిన లైను ఇది. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లలంతా కేకలు పెడుతున్నారు. 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడలో కిటికీలోంచి చలిగాలి కొట్టింది. అక్కణ్ణుంచి అరకు దాకా ఎటు చూసినా వలిసె పూలే, పచ్చగా విరగబూసి ఉన్నాయి.

ఈ ప్రయాణం మా స్కూలు వాళ్ల కానుక. నా రిటైర్మెంటుకి తలా కొంత వేసుకుని, అరకులో ఒక హోటల్లో ఇద్దరికి రెండు రాత్రుల బసకు గిఫ్ట్ వోచర్ కొనిచ్చారు. కవరు మీద డబ్బులేసిన వాళ్లందరి పేర్లూ రాశారు. చివరి పేరు మా అటెండరుది.

రిసెప్షన్‌లో కుర్రాడు కోడ్ కొట్టి చూసి, "సిస్టమ్ తీసుకోవట్లేదు మేడమ్. అయినా డిసెంబర్లో వోచర్లు చెల్లవండి" అన్నాడు. వోచర్ గడువు మార్చి దాకా ఉంది. వెనకాల చిన్న అక్షరాల్లో ఉన్న షరతుల్లో డిసెంబరు ఊసే లేదు. బయల్దేరే ముందు ఫోన్ చేస్తే "రండి మేడమ్, రూముంది" అన్నదీ ఈ హోటలే.

వోచర్ అమ్మిన కంపెనీకి ఫోన్ చేశాను. "రూము హోటల్ వాళ్లే ఇవ్వాలండి" అన్నారు. మేనేజరేమో "వాళ్ల నుంచి మాకింకా డబ్బు రాలేదండి, వాళ్లనే అడగండి" అన్నాడు. వెనక నిలబడ్డ వాళ్లు మమ్మల్నే చూస్తున్నారు. ముందే డబ్బు కట్టిన బసకు వచ్చి, ఊరికే ఇమ్మని అడుగుతున్నవాళ్లలా నిలబడాల్సి వచ్చింది. "పోనీవే, మనమే కట్టేద్దాం" అన్నారు మా ఆయన. నాకు మనసొప్పలేదు. నా డబ్బయితే వదులుకుందునేమో, ఇది అటెండరు జీతంలోంచి కూడా వచ్చిన సొమ్ము.

వోచర్ ఎందుకు తీసుకోలేదో కాగితం మీద రాసిమ్మన్నాను. మేనేజరు చాలాసేపు నసిగి, చివరికి హోటల్ లెటర్‌హెడ్ మీద రెండు ముక్కలు రాసి ముద్ర వేశాడు. ఆ రాత్రికి అద్దె కట్టి బిల్లు తీసుకున్నాం.

మర్నాడు బొర్రా గుహలు చూశాం. గోస్తని నీళ్లు వేల ఏళ్లుగా సున్నపురాయిని కరిగించి మలిచిన ఆ రూపాల ముందు నిలబడ్డాక నా కోపం కాస్త చల్లబడింది. దారిలో బొంగులో చికెన్ తిని సాయంత్రానికి విశాఖ చేరాం.

ఇంటికొచ్చి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. ముద్ర వేసిన ఆ కాగితం, బిల్లు, వోచర్ ఫోటోలు పంపాను. కొన్నాళ్లకు వోచర్ సొమ్ము మొత్తం వెనక్కి వచ్చింది, కొన్న టీచరు ఖాతాలోకి.

ఎవరికైనా బస కానుకగా ఇవ్వాలనుకుంటే తేదీలు కనుక్కుని, వాళ్ల పేరు మీద రూమే బుక్ చేయండి. వోచరే కొంటే ఏ రోజుల్లో చెల్లదో రాతపూర్వకంగా తీసుకోండి. మీకూ ఇలాగే జరిగితే కాగితం రాయించుకోకుండా ఆ కౌంటరు వదలకండి. హెల్ప్‌లైన్‌తో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల రూపాయల లోపు కేసులకు అక్కడ ఫీజు కూడా లేదు.