నల్లతీగ చివర

మొగల్తూరు దాటి నరసాపురం వస్తున్నామండీ, రాత్రి ఎనిమిదిన్నర. పేరుపాలెం బీచి నుంచి తిరుగు ప్రయాణం. వెనక సీట్లో పిల్లలు నిద్రపోయారు. హెడ్‌లైట్లు ఒకసారి భగ్గుమని, మళ్ళీ మసకబారాయి. స్పీడ్‌బ్రేకర్ దగ్గర వేగం తగ్గించానో లేదో, ఇంజిన్ ఠక్కున ఆగిపోయింది. లైట్లు లేవు, మీటరు బోర్డు లేదు, హారన్ లేదు. రెండు పక్కలా రొయ్యల చెరువులు, ఏరేటర్ల హోరు.

మీకిలా జరిగితే ముందు బండిని పక్కకి తీయండి. స్టీరింగు బిగుసుకుపోయినట్టుంటుంది, దానికి సాయపడే మోటారు కరెంటుదే కదా. బలం పెడితే తిరుగుతుంది. తాళం మాత్రం బయటికి లాగొద్దు, స్టీరింగు లాక్ పడిపోతుంది. బ్రేకు ఒకటి రెండు తొక్కుళ్ళ దాకా మామూలుగా పడి, తర్వాత రాయిలా అయిపోతుంది. కాబట్టి వదిలి వదిలి కాకుండా ఒక్క పట్టున తొక్కాలి. హజార్డ్ లైట్లూ వెలగలేదు. మా ఆవిడ వెనక నిలబడి సెల్‌ఫోను టార్చి ఊపుతూనే ఉంది.

చీకట్లో నిలబడి లెక్క కట్టుకున్నాను. ఏ ఒక్కటో పోతే దాని ఫ్యూజు. బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగి, అన్నీ మెల్లగా నీరసిస్తే ఆల్టర్నేటరు (మన మెకానిక్కులకి ఇప్పటికీ డైనమోనే). అన్నీ ఒక్కసారే పోతే? మెయిన్ ఫ్యూజు, లేదంటే బ్యాటరీ తీగలు.

ఊళ్ళోంచి ఎలక్ట్రీషియన్ కుర్రాడు బండి మీద వచ్చాడు.

"టెర్మినల్సు కదిపి చూశారాండి?"

"చూశానయ్యా, గట్టిగానే ఉన్నాయి."

"ఆయ్, అయితే ఎర్తేనండి."

బ్యాటరీకి మీటరు పెట్టాడు. 12.5 వోల్టులు, నిక్షేపంలా ఉంది. నన్ను లైట్ల స్విచ్చి వేయమని, మీటరు వైరు ఒకటి నెగెటివ్ టెర్మినల్ మీద, ఇంకోటి ఇంజిన్ మీద ఆనించాడు. అక్కడ సున్నాకి దగ్గరగా ఉండాలి. 11 దాటింది! బ్యాటరీలో ఉన్న కరెంటుకి తిరిగొచ్చే దారి లేదన్నమాట. అప్పటిదాకా ఆల్టర్నేటరు ఒక్కటే మమ్మల్ని లాక్కొచ్చింది. ఇంజిన్ నెమ్మదించేసరికి దాని వల్లా కాలేదు.

బ్యాటరీ నెగెటివ్ నుంచి వచ్చే నల్లతీగ, అదే ఎర్తు, బాడీకి బిగించే చోట బోల్టు విప్పి చూపించాడు. పైకి శుభ్రంగానే ఉంది. లోపల వాషరు కింద పచ్చటి పొడి, రాగి పోగులు నల్లబడి, వేలితో తడితే రాలిపోతున్నాయి. సముద్రం మీద నుంచి వచ్చే ఉప్పు తేమ అందులో చేరి, ఎన్నాళ్ళ నుంచి తింటోందో! కుళ్ళిన ముక్క కోసేసి, తీగ చివర కొత్త లగ్గు బిగించి, బాడీ మీద ఇనుము తళుక్కుమనేదాకా ఉప్పుకాగితంతో రుద్దాడు. ఉప్పు చేసిన పాడుకి ఉప్పుకాగితం! పైన గ్రీజు రాశాడు. సెల్ఫ్ కొట్టగానే అందుకుంది. మీటరులో 14.1. ఇంజిన్ నడుస్తుండగా 13.8కీ 14.4కీ మధ్య ఉంటే ఛార్జింగ్ బాగున్నట్టే. ఇంకో మాట, ఇంజిన్ నడుస్తుండగా పరీక్ష కోసమని బ్యాటరీ తీగ పీకకండి. వోల్టేజి ఎగదన్ని బండిలోని కంప్యూటరు కాలిపోవచ్చు.

మర్నాడు పొద్దున్న పక్కింటి బాబాయిగారి కారు బానెట్ ఎత్తించాను. పోయిన మాఘంలో పంటెక్కి సఖినేటిపల్లి రేవు దాటి, అంతర్వేది తీర్థానికి వెళ్ళొచ్చిన బండి అది. తీగ విప్పితే వాషరు కింద అదే పచ్చపొడి.