బొమ్మలో లేని సర్వరు

మా ప్రాజెక్టు డిజైన్ డాక్యుమెంట్లో బొమ్మలు మూడు. ఏ మాడ్యూలు దేనితో మాట్లాడుతుందో చెప్పే కాంపొనెంట్ డయాగ్రం, ఏది ముందో ఏది వెనకో చెప్పే సీక్వెన్స్ డయాగ్రం, ఏది ఏ సర్వరు మీద నడుస్తుందో చెప్పే డిప్లాయ్‌మెంట్ డయాగ్రం.

పోయినేడాది ఆర్డర్లకీ పేమెంట్లకీ మధ్య ఉన్న డైరెక్ట్ కాల్ తీసేసి మెసేజ్ క్యూ పెట్టాను. కాంపొనెంట్ డయాగ్రంలో గీశాను కూడా. మిగతా రెండూ రిలీజయ్యాక చూద్దాంలే అనుకున్నా. రిలీజయింది, నేను చూడలేదు. మనలో మాట, మీరు మాత్రం చూస్తారా? :)

ఓ రాత్రి పేమెంట్లు ఆగిపోయాయి. ఆన్‌కాల్లో ఉన్న కుర్రాడు చేరి రెండు నెలలే. పాపం, డిప్లాయ్‌మెంట్ డయాగ్రం ముందు పెట్టుకుని, అందులో ఉన్న రెండు సర్వర్ల లాగ్‌లూ రెండు గంటలు వెతికాడు. రెండూ శుభ్రంగా ఉన్నాయి. డిస్క్ నిండిపోయింది క్యూ నడుస్తున్న మూడో సర్వర్లో. బొమ్మలో అది లేనేలేదు.

పొద్దున మేనేజరు అడిగితే "సిస్టమ్ నాకింకా సరిగా అర్థం కాలేదు సార్" అన్నాడు. నేను నోరు మెదపలేదు. తప్పు నాదని అందరికీ మెయిల్ పెట్టడానికి సాయంత్రం దాకా పట్టింది. "పర్లేదన్నా" అన్నాడు గానీ, ఆ మాట ఇంకా గుచ్చుతూనే ఉంది.

1995లో ఫిలిప్ క్రుక్టెన్ 4+1 వ్యూ మోడల్ గురించి రాశాడు. నాలుగు వ్యూలు, వాటికి తోడు సినారియోలు. కాలేజీలో పరీక్షకి బట్టీ పట్టానే గానీ, ఆ ప్లస్ వన్ ఎందుకో బుర్రకెక్కలేదు. ఇప్పుడెక్కింది. "ఆర్డరు పెట్టాడు, డబ్బు కట్టాడు" అన్న ఒక్క సినారియో పట్టుకుని అన్ని బొమ్మల మీదా వేలు పెట్టి నడవాలి. ఒకదాంట్లో క్యూ తగిలి ఇంకోదాంట్లో తగలకపోతే, ఏదో ఒకటి అబద్ధం చెప్తోందన్నమాట.

ఇప్పుడు బొమ్మల్ని ప్లాంట్‌యూఎంఎల్ టెక్స్టుగా కోడ్ ఉన్న రిపాజిటరీలోనే పెట్టాం. డిజైన్ మారితే రివ్యూలో ఈ నడక తప్పనిసరి. పది నిమిషాల పని. టూల్స్ ఉన్నాయి కదా అంటారు కొందరు. ఆర్క్‌యూనిట్ లాంటివి జావాలో ఏ ప్యాకేజీ దేన్ని వాడకూడదో టెస్టులా పట్టిస్తాయి, నిజమే. కానీ క్యూ వేరే సర్వరు మీద ఉందన్న సంగతి వాటికేం తెలుసు?

బొమ్మ లేకపోతే మనిషి ఎవర్నో ఒకర్ని అడుగుతాడు. పాత బొమ్మ ఉంటే అడగడు, నమ్ముతాడు. మార్చే ఓపిక లేకపోతే దాన్ని తీసేయడమే నయం.

మీ డాక్యుమెంట్లో బొమ్మలు చివరిసారి ఎప్పుడు మారాయో ఓసారి చూడండి.